సెలవుల సందేహాలు: బావి ఈత నుంచి అష్టాచెమ్మా దాకా

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో వాళ్ల మామయ్య వ్యవసాయ బావిలో ఈత నేర్పిస్తానంటున్నాడు. నడుముకు థర్మోకోల్ కడితే సరిపోతుందా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: తప్పకుండా నేర్పించండి, కానీ బెండు మీద భరోసా పెట్టుకోకండి. నడుముకు కడితే నడుము తేలి తల మునుగుతుంది. వీపుకు కట్టినా, పిల్లవాడు అలిసిపోయి కాళ్లూ చేతులూ ఆపాడంటే బోర్లా పడి ముఖం నీళ్లలోకే పోతుంది. తడిసిన ముడి జారడం, థర్మోకోల్ మధ్యకు విరగడం మామూలే. అందుకే బెండు ఉన్నా మామయ్య నీళ్లలోనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉండాలి. గట్టు మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ‘కాళ్లాడించరా’ అంటే కుదరదు.

దిగేముందు మోటారు స్టార్టరు ఆపితే చాలదు, ఫ్యూజులు కూడా పీకేయండి. పాతబడి పగిలిన వైరు నీళ్లలో పడి ఉంటే ఆ నీళ్లకే కరెంటు వస్తుంది. మెట్లు లేని బావి, మట్టి తవ్వుకుపోయిన గుంత అసలు వద్దు. గుంతలో మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు తగులుతుంది.

మొదటి రెండు రోజులు మెట్టు పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం, తర్వాత వెల్లకిలా తేలడం, ఆ తర్వాతే కాళ్లాడించడం. చాలామంది కాళ్లతోనే మొదలెడతారు. ఊపిరి ఎప్పుడు వదలాలో తెలియక పిల్లవాడు నీళ్లు తాగేస్తాడు, మర్నాడు బావి పేరెత్తితే ఏడుస్తాడు. బెండు లేకుండా రెండు నిమిషాలు వెల్లకిలా తేలి, మళ్లీ మెట్టు దాకా రాగలిగితే కొంత ఈత వచ్చినట్టు. అప్పుడైనా ఒంటరిగా పంపకండి.

ఇంకోటి. మునిగిపోతున్న పిల్లలు సాధారణంగా కేకలు పెట్టరు. నోరు నీటి మట్టం దగ్గర పైకీ కిందికీ అవుతుంటుంది, అరిచే ఊపిరి ఉండదు. ఈత రానివాళ్లు కాపాడదామని దూకితే ఇద్దరూ పోతారు. చీర, తాడు, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరాలి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం వద్దు. పొట్టలోంచి వచ్చే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి నోట్లో రెండుసార్లు ఊది, ఛాతీ మధ్య 30 సార్లు వేగంగా నొక్కాలి. మళ్లీ రెండుసార్లు ఊదాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా ఇది ఆపకూడదు.

ప్రశ్న: మనవరాలికి ఐదేళ్లు, నిన్నటి నుంచి విరేచనాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్‌లోంచి చెంచాడు పొడి తీసి గ్లాసు నీళ్లలో కలుపుతున్నాం, ఫ్రూట్ జ్యూసు కూడా ఇస్తున్నాం. తగ్గడం లేదు.
– ఒక తాతయ్య, తణుకు

జవాబు: తాతయ్యగారూ, రెండూ ఆపేయండి. పొడిలో ఉప్పు, గ్లూకోజు, పొటాషియం సమంగా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు. చెంచాతో తీస్తే ఏది ఎంత వచ్చిందో తెలియదు. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. చిన్న ప్యాకెట్లు 200 మి.లీ.కి వస్తాయి, కొలత ప్యాకెట్ మీదే ఉంటుంది. ఇంటి గ్లాసును నమ్మకుండా అర లీటరు నీళ్ల సీసాతో రెండుసార్లు కొలవండి. చిక్కగా కలిపితే బలం రాదు. ఒంట్లో నీళ్లే పేగుల్లోకి లాక్కుంటుంది, విరేచనాలు పెరుగుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

జ్యూసుతో వచ్చే చిక్కూ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌లో గ్లూకోజు లీటరుకు 13.5 గ్రాములే. కూల్‌డ్రింకుల్లో చక్కెర చాలావాటిలో 100 గ్రాముల పైమాటే. ఫార్ములా సరిపోని తీపి పానీయాల డబ్బాల మీద ‘ఓఆర్ఎస్’ అని రాయకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్టే అడగండి.

విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మి.లీ. పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా. అన్నం, పెరుగు మాన్పించకండి. డాక్టరు రాసిన జింకు విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మగతగా పడి ఉన్నా, రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఆడుకుంటుంటే వీధి కుక్కపిల్ల పంటితో గీరింది. రక్తం రాలేదు. సున్నం రాశాం, చాలా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: చాలదు. సున్నం, పసుపు, కారం ఏవీ వద్దు. కుళాయి ధార కింద సబ్బుతో పావుగంట కడిగి, ఈ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కుక్కపిల్లయినా, రక్తం రాకపోయినా టీకా వేయించాల్సిందే. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టుకోండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు, అది పనిచేయడం మొదలయ్యేదాకా కాపాడే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా గాయంలోకి వేయమని అడగండి.

ప్రశ్న: ఎండకు పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని బయటికి వదలడం లేదు. ఏడేళ్లొకరికి, పదకొండేళ్లొకరికి. ఫోను కాకుండా ఇద్దరూ కలిసి ఆడేదేమైనా ఉందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అష్టాచెమ్మా. సుద్దముక్కతో ఐదుకు ఐదు, మొత్తం 25 గళ్లు గీసి, నాలుగు వైపులా మధ్య గడిలోనూ నట్టనడి గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టండి. చింతపిక్కలు నాలుగు తీసుకుని ఒక వైపు గరుకు బండ మీద తెలుపు కనిపించేదాకా అరగదీయాలి. ఈ పని పిల్లలకే అప్పగించండి, సగం పొద్దు గడిచిపోతుంది. నాలుగూ ఒకే మేర అరగాలి. ఒకటి ఎక్కువ అరిగితే ‘తొండి’ అని గొడవ.

పైకి పడ్డ తెలుపుల లెక్కే పందెం. నాలుగూ తెలుపైతే చెమ్మా, నాలుగు. నాలుగూ నలుపైతే అష్టా, ఎనిమిది. ఈ రెండూ పడితే మళ్లీ వేసుకోవచ్చు. మనిషికి నాలుగు కాయలు, తన ఇంటి (తన వైపున్న ఇంటూ గడి) నుంచి బయటి వరసలో ఒక దిక్కుకు, లోపలి వరసలో ఎదురు దిక్కుకు తిరిగి నడి గడిలో పండాలి. ఎదుటివాడి కాయ ఒక్కటైనా చంపితేనే లోపలికి దారి. ఇంటూ గడిలో ఉన్న కాయను చంపకూడదు. ఇంటి నుంచి పండడానికి 24 అడుగులు. చిన్నవాడు ఇంకా ఎన్ని కావాలో కూడుకుంటూ కూర్చుంటాడు.

ఊరూరా పద్ధతి కొంత మారుతుంది, అత్తగారినడిగితే ఆవిడ రూలు వేరే చెప్పవచ్చు. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే ఆట కాగానే పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. ముక్కులో దోపుకుంటారు.