నక్షత్రాలు కత్తిరించకు, పాట నేర్పు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి ఇది రాయాలని కూర్చున్నా. న్యూజెర్సీ స్కూళ్లలో హోలోకాస్ట్ గురించి, అంటే నాజీలు యూదుల్ని చంపిన మారణహోమం గురించి చెప్పడం 1994 నుంచీ చట్టం, ఎవరో ఒకరు చెయ్యాల్సిందే, కానీ కోరస్ టీచర్‌గా చేరిన మొదటి ఏడాదే స్మారక కార్యక్రమం నీ చేతిలో పెట్టారంటే టెన్షన్ పడవా మరి. "మనం యూదులం కాదు కదా పెద్దమ్మా, నాకేం అర్హత ఉంది" అన్నావు. నేనూ మొదట్లో అదే అనుకుని భయపడ్డా. బాగా చదువుకుని, పిల్లలకి నిజం చెప్పి, పాట శ్రుతి తప్పకుండా పాడించు, ఎవరూ నిన్ను ఆ ప్రశ్న అడగరు.

ముందు తేదీ సంగతి. యోమ్ హషోవా, అంటే ఆ మారణహోమాన్ని తలుచుకునే రోజు, మామూలుగా హీబ్రూ నెల నిస్సాన్‌లో 27న వస్తుంది. మన ఉగాదిలాగే ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది, ముందురోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది, కాబట్టి హాలు బుక్ చేసే ముందు చూసుకో. 1951లో ఇజ్రాయెల్ పార్లమెంటు ఆ రోజుని ఖాయం చేసినప్పుడు పూర్తి పేరులో మారణహోమంతో పాటు ఘెట్టో తిరుగుబాటునీ చేర్చింది, తర్వాత ఆ చోట వీరత్వం అనే మాట వచ్చింది. 1943 ఏప్రిల్ 19న వార్సా ఘెట్టోలో, అంటే నాజీలు యూదుల్ని బంధించిన పేటలో, కొన్ని వందల మంది కుర్రాళ్లు, అమ్మాయిలు, పిస్తోళ్లూ పెట్రోలు సీసాలూ పట్టుకుని జర్మన్ సైన్యానికి ఎదురు నిలబడి దాదాపు నెల రోజులు పోరాడారే, ఆ జ్ఞాపకం కూడా అందులో ఉంది. నీ కార్యక్రమంలో ఈ రెండో మాట జారిపోనివ్వకు. చాలామంది శవాల ఫోటోలు చూపించి, నెమ్మదైన వయొలిన్ ఒకటి పెట్టి, పిల్లల్ని ఏడిపించి ఇంటికి పంపేస్తారు. అలా చేస్తే వాళ్లు ఎలా చనిపోయారో తెలుస్తుంది గానీ, బతికున్నన్నాళ్లూ ఏం చేశారో ఒక్కరికీ తెలీదు.

నా తప్పు ఒకటి చెప్తా, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. మొదటిసారి 'బ్రుండిబార్' అనే పిల్లల ఒపెరా వేయించినప్పుడు, నాజీలు యూదుల చేత బలవంతంగా పెట్టించిన గుర్తులాగా పిల్లలందరి చొక్కాలకీ పసుపు కాగితం నక్షత్రాలు అంటించా, రాత్రంతా కూర్చుని నేనే కత్తిరించా. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, నాకూ బాగుందనిపించింది. తర్వాత చదివితే తెలిసింది, తెరెజిన్ ఘెట్టోలో ఆ పిల్లల ఒపెరాలో పిల్లి వేషం వేసి, ప్రాణాలతో బయటపడిన ఎలా వైస్‌బెర్గర్ పెద్దయ్యాక చెప్పేవారట, స్టేజీ మీద ఉన్నంతసేపూ నక్షత్రం తీసేయనిచ్చేవారని. ఆ పిల్లలకి ఆ కాసేపే దొరికిన స్వేచ్ఛ అది, నేనేమో సరిగ్గా దాన్నే తీసుకెళ్లి మళ్లీ వాళ్ల గుండెల మీద అంటించా. అందుకే చెప్తున్నా, వేషాలు వద్దు, పిల్లల్ని ఖైదీలుగా నటించమని అడగొద్దు.

నువ్వూ 'బ్రుండిబార్' తీసుకోమనే అంటా. అరగంట దాటి కాస్త సాగుతుంది, మిడిల్ స్కూల్ గొంతులకి సరిపోతుంది. హాన్స్ క్రాసా 1938లో రాశాడు, తెరెజిన్‌లో 1943 సెప్టెంబరు 23న మొదలై 55 సార్లు ఆడింది. పాడే పిల్లల్ని రైళ్లలో ఆష్విట్స్ మరణ శిబిరానికి పంపేస్తుంటే, ఆ పాత్రలు కొత్త పిల్లలకి మళ్లీ మొదటి నుంచి నేర్పేవాళ్లు. ఒక్కసారి టీచర్‌గా ఆలోచించు, నిన్నటి రిహార్సల్‌లో ముందు వరసలో నిలబడ్డవాడు ఇవాళ లేడు, అయినా మళ్లీ "స" నుంచి మొదలుపెట్టడం. క్రాసానీ 1944 అక్టోబరులో ఆష్విట్స్‌కి తీసుకెళ్లి చంపేశారు. పెద్ద క్లాసు పిల్లలకి ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పు: 1944లో రెడ్‌క్రాస్ వాళ్లు చూడ్డానికి వచ్చినప్పుడు, ఇక్కడ అంతా బాగుందని నమ్మించడానికి నాజీలు ఇదే ఒపెరాని వాడుకున్నారు. స్కోరుకీ ఇంగ్లీషు మాటలకీ హక్కులుంటాయి, పబ్లిషర్‌కి ఇప్పుడే రాసెయ్.

చివర్లో 'జోగ్ నిట్ కేన్ మోల్' పెట్టు. విల్నా ఘెట్టోలో హిర్ష్ గ్లిక్ అనే ఇరవై దాటిన కుర్రాడు వార్సా ఘెట్టో తిరుగుబాటు వార్త విని, తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో రాసిన పాట, మార్చ్‌లా నడుస్తుంది, నీరసంగా పాడించకు. యిడ్డిష్‌లో 'ఖ' మన ఖ కాదు, గొంతు లోపల్నుంచి గీరినట్టు రావాలి. యిడ్డిష్ వచ్చిన పెద్దవాళ్లెవరైనా దొరికితే ఒక గంట క్లాసుకి పిలువు, రికార్డింగ్ వల్ల అయ్యే పని కాదు. ఈ పాటకి లేచి నిలబడతారు, ఆ సంగతి ముందే ప్రోగ్రాం కాగితం మీద వేయించు. చప్పట్లు వద్దని కూడా.

అనాథాశ్రమం నడిపిన యానుష్ కోర్చాక్ గురించి అడిగావు. అవును, వార్సా ఘెట్టోలోని ఆ ఆశ్రమంలో 1942 జులై 18న పిల్లలతో ఆడించింది మన టాగూర్ 'డాక్‌ఘర్' నాటకమే. నాలుగు రోజులకే ఘెట్టో నుంచి మరణ శిబిరానికి రైళ్లు మొదలయ్యాయి. తప్పించుకోమని చెప్పినా ఆయన పిల్లల్ని వదల్లేదు, ఆగస్టులో వాళ్లతోనే ట్రెబ్లింకా వెళ్లాడు. తప్పకుండా చెప్పు, కానీ రెండు నిమిషాలు చాలు. మన రవీంద్రుడు అంటూ మొదలుపెడితే కథ మన గొప్పల వైపు తిరిగిపోతుంది. ఆ సాయంత్రం వాళ్లది.

నా పాత 'బ్రుండిబార్' స్కోరు పెన్సిల్ గుర్తులతో సహా ఈ వారం పోస్టులో పంపుతా. అందులో లాలిపాట దగ్గర ఎర్రగా గీత గీసి ఉంటుంది చూడు. వెనకాల చరిత్ర తెలిశాక అక్కడికి రాగానే పిల్లలు వేగం తగ్గించేసి, ఏడుపు గొంతు పెడతారు. పెట్టనివ్వకు. కథలో అన్నాచెల్లెళ్లిద్దరికీ నాన్న లేడు, అమ్మకి జబ్బు, పాలు కొనాలి. బజారులో పోయేవాళ్లు ఆగి వినేలా పాడితేనే డబ్బులు పడతాయి.

మీ పెద్దమ్మ