అమ్మ ఏనాడూ పొగ తాగలేదు, మరి సీఓపీడీ ఎలా వచ్చింది? ఇన్‌హేలర్ మొదలుపెట్టొచ్చా?

మీరు అడిగింది రెండు విషయాలు. అమ్మగారికి 58 ఏళ్లు, బీడీ సిగరెట్ ఏదీ ముట్టలేదు, అయినా డాక్టరుగారు సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి, ఆయాసం, దగ్గు ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) అన్నారు, అది నిజమేనా అని ఒకటి. ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే ఇక వదలదని ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారు, ఏం చేయాలి అని రెండోది. మా అత్తయ్యకు ఇదే జబ్బు. నేను డాక్టర్ని కాదు గానీ ఆవిడ మందులు, పరీక్షలు, ఆసుపత్రి తిరుగుడు అంతా కొన్నేళ్లుగా చూసుకుంటున్నది నేనే, అందుకే రాస్తున్నా.

ఊపిరితిత్తులకు ఏ పొగైనా ఒకటే. మాది శ్రీకాకుళం వైపు పల్లె. అత్తయ్య కాపురానికి వచ్చినప్పటి నుంచి కట్టెలు, పిడకలు, ఎండిన సరుగుడు ఆకు, వానాకాలం వస్తే తడి పుల్లలు, పొగ బయటికి పోయే దారి లేని వంటిల్లు, మంట రాజుకునేదాకా గొట్టం పెట్టి ఊదుతూ మొహమంతా పొగలోనే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి చాలా ఇళ్లకు సిలిండర్ చేరింది, నిజమే, కానీ స్నానానికి నీళ్లు కాచడానికి పెరట్లో పొయ్యి ఇప్పటికీ వెలుగుతున్న ఇళ్లు ఎన్నో. మా వైపు కొందరు పెద్దావిడలు అడ్డపొగ కూడా తాగుతారు, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, వాళ్లకు రెండు పొగలూ కలుస్తాయి. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లకు, ఏళ్ల తరబడి దుమ్ములో పనిచేసినవాళ్లకు కూడా ఈ ముప్పు ఉంటుంది. కాబట్టి అమ్మగారు ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అడిగితే తప్ప ఆడవాళ్లు ఈ సంగతి చెప్పరు, అదీ ఒక కారణమని వాళ్లకు తోచదు.

ఇక జబ్బు నిర్ధారణ. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. మీరు రాసినదాంట్లో ఎక్స్‌రే తీశారని ఉంది, స్పైరోమెట్రీ, అంటే ఊది చూసే పరీక్ష, మాట లేదు. ఎక్స్‌రేతో టీబీ, నిమోనియా, గుండె వాపు లాంటివి ఉన్నాయేమో చూస్తారు, సీఓపీడీని మాత్రం దానితో తేల్చలేరు. స్పైరోమెట్రీలో ముక్కుకు క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్చమని, గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా ఊది ఇక గాలి లేదనేదాకా ఊదుతూనే ఉండమంటారు. తర్వాత ఊపిరి గొట్టాలు విప్పారేలా చేసే మందు పీల్పించి, పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తారు. మందు పీల్చాక కూడా మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చింది 70 శాతం కంటే తక్కువుంటే గొట్టాలు ఇరుకైపోయి అలాగే ఉన్నాయని అర్థం. ఆ అంకెను లక్షణాలతో, పొగ చరిత్రతో కలిపి చూసి సీఓపీడీ అంటారు. ఆస్తమా ఎక్కువగా చిన్న వయసులోనే మొదలవుతుంది, ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు బాగోదు, మందు పడగానే గాలి బాగా ఆడుతుంది. సీఓపీడీ ఆయాసం 40 దాటాక నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. అత్తయ్యకు ఏళ్ల తరబడి ఉబ్బసం అనే చెప్పారు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్లో ఒక ఇంజెక్షన్, ఒకరోజు ఉపశమనం, మళ్లీ మామూలే. ఊది చూసే పరీక్ష చేయమని ఒక్కరూ అనలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇన్‌హేలర్ గురించి భయం వద్దు. అది అలవాటయ్యే మందు కాదు. జబ్బు పోయేది కాదు కాబట్టి, బీపీ మాత్రలాగా రోజూ వాడాలి, అంతే. పైగా మాత్ర మిల్లీగ్రాముల్లో ఒళ్లంతా తిరుగుతుంది, పీల్చే మందు మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దెబ్బతిన్న భాగం తిరిగి రాదు, ఆ మాట దాచకూడదు, కానీ ఆయాసం తగ్గుతుంది, మాటిమాటికీ ఆసుపత్రి పాలవడం తగ్గుతుంది.

అసలు తిప్పలు వాడే పద్ధతిలో ఉంటాయి. అత్తయ్యకు మొదట గుళిక వేసి పీల్చే రోటాహేలర్ ఇచ్చారు. ఎంతకీ గుణం లేకపోతే ఒకరోజు ఆవిడ పీల్చాక విప్పి చూశాను, పొడి సగం లోపలే అంటుకుని ఉంది. ఆవిడ పీల్చే ముందు అందులోకే ఊపిరి వదులుతోంది, ఆ తేమకి పొడి ముద్దవుతోంది. పైగా గట్టిగా లాగే బలం కూడా లేదు. ఊపిరితిత్తుల డాక్టరు అది చూసి స్పేసర్ (పంపు మందు కాసేపు నిలిచే బోలు డబ్బా) పెట్టిన పంపుకు మార్చారు, అప్పుడు తేడా తెలిసింది. మీరూ అమ్మగారి చేత డాక్టరు ముందే ఒకసారి పీల్పించండి, కొందరు గుళికను నీళ్లతో మింగేస్తారు కూడా. మందులో స్టెరాయిడ్ ఉంటే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నోట్లో తెల్లపూత వస్తుంది. స్టెరాయిడ్ అందరికీ అక్కర్లేదు, రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎన్నున్నాయి, జబ్బు ఎన్నిసార్లు ముదిరింది అన్నది చూసి ఇస్తారు, మీ డాక్టరుగారిని అడగండి.

ఆక్సిజన్ మెషిన్ ఎవరో చెప్పారని కొనకండి. మామూలుగా ఉన్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం, అంతకంటే తక్కువే ఉంటున్నవాళ్లకు రోజుకు కనీసం 15 గంటలు పెట్టమంటారు. ఈ జబ్బులో అవసరానికి మించి ఇస్తే కొందరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి వెళ్తారు. అందుకే జబ్బు ముదిరినప్పుడు ఆసుపత్రిలో కూడా 88 నుంచి 92 మధ్య ఉంచాలని చూస్తారు.

మందుతో పాటు నడక ఆపనివ్వకండి. ఆయాసం వస్తుందని కూర్చోబెడితే కాళ్ల బలం పోయి ఇంకా ఆయాసం. ముక్కుతో పీల్చి, పెదాలు ఈల వేస్తున్నట్టు పెట్టి నెమ్మదిగా వదలడం నేర్పండి, మెట్లెక్కేటప్పుడు చాలా పనికొస్తుంది. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినట్టు నిమోనియా టీకా వేయించండి. పెరట్లో పొయ్యి ఉంటే ఇక దాని దగ్గరికి ఆవిడ వెళ్లకూడదు.

కఫం ఎక్కువై పచ్చగా మారినా, ఆయాసం మామూలు కంటే పెరిగినా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పెదాలు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోతున్నా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. స్పైరోమెట్రీ అయ్యాక ఆ కాగితం ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి, ఎమర్జెన్సీలో కొత్త డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది.