సమాధానం: ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ ఎలక్ట్రమ్‌ఎక్స్ ఇండెక్స్ వెనక్కి పోతోంది

నమస్కారమండీ. బిట్‌కాయిన్ వాలెట్లకు లావాదేవీల వివరాలు అందించే మీ ఎలక్ట్రమ్‌ఎక్స్ సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే, దాని ఇండెక్స్ (లావాదేవీల సూచిక) వేల బ్లాకులు వెనక్కి వెళ్తోందని, డిస్క్ పాడైందేమోనని రాశారు. డిస్క్ మార్చే ఆలోచన ప్రస్తుతానికి మానండి. మీ లాగ్‌లోనే ‘స్టాప్-సిగ్‌టర్మ్ టైమ్డ్ అవుట్, కిల్లింగ్’ అన్న వరుస ఉంది, అంటే ఆగడానికిచ్చిన గడువు దాటిందని బలవంతంగా చంపేసింది. అసలు సంగతి అదే.

తొలి సింక్‌లో, అంటే బ్లాక్‌చెయిన్‌ను మొదటిసారి చదివేటప్పుడు, ఎలక్ట్రమ్‌ఎక్స్ చదివిన బ్లాకుల వివరాలను ముందు ర్యామ్‌లో పోగుచేసి, నిండాకే డిస్క్‌లో రాస్తుంది. ఆపమంటే మిగిలిందంతా రాసి ఆగాలి. హార్డ్ డిస్క్‌పై దానికి చాలాసేపు పడుతుంది. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మాత్రం మామూలుగా 90 సెకన్లే ఆగి, ప్రాసెస్‌ను చంపేస్తుంది. ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది.

‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఎలక్ట్రమ్‌ఎక్స్’ తెరిచి, సర్వీస్ విభాగంలో టైమ్‌అవుట్‌స్టాప్‌సెక్ (ఆగడానికిచ్చే గడువు) విలువ 30 నిమిషాలు పెట్టండి. ర్యామ్ తక్కువైతే ర్యామ్‌లో ఎన్ని ఎంబీలు పోగుచేయాలో చెప్పే క్యాష్‌_ఎంబీని 1200 నుంచి 400కు దించండి. వేగం కొంత తగ్గుతుంది, పోయేదీ తగ్గుతుంది.

ఎలక్ట్రమ్‌ఎక్స్‌కు బ్లాకులు ఇచ్చే నోడ్ ప్రోగ్రామ్ బిట్‌కాయిన్ కోర్‌లో టీఎక్స్‌ఇండెక్స్ (అన్ని లావాదేవీల సూచిక) 1గా ఉండాలి, ప్రూనింగ్ (పాత బ్లాకులను చెరిపేయడం) అసలు ఉండకూడదు. ఇంకొకటి, దయచేసి వెంటనే చేయండి: మీ ఫైర్‌వాల్‌లో 8332 పోర్టు అందరికీ తెరిచి ఉంది. నోడ్‌ను నడిపించే తలుపు అది. మూసేయండి, వాలెట్ ఎలక్ట్రమ్‌ఎక్స్‌తో మాట్లాడటానికి 50002 పోర్టు చాలు.