రస్ట్‌లో ఎనమ్ స్టేట్ మార్చబోతే ఈ0507 ఎర్రర్ ఎందుకొస్తోంది?

మీ స్టేట్ ఎనమ్‌లో (ఒకసారికి ఒక వేరియంట్‌గానే ఉండే టైప్) మూడు వేరియంట్లు: ఐడిల్, కనెక్టింగ్, కనెక్టెడ్. కనెక్టెడ్‌లో టీసీపీస్ట్రీమ్ (నెట్‌వర్క్ సాకెట్), దానితోపాటు 64 కేబీ బఫర్ అర్రే. &మ్యూట్ సెల్ఫ్ తీసుకునే ఫంక్షన్‌లో 'మ్యాచ్ సెల్ఫ్.స్టేట్' అని రాసి సాకెట్‌ని బయటికి లాగుతున్నారు. ఎర్రర్ అక్కడే.

సెల్ఫ్ మీకు అరువుగా వచ్చింది. అందులోంచి సాకెట్ తీసేసుకుంటే స్టేట్ ఫీల్డ్‌లో గుంట మిగులుతుంది, దాన్ని రస్ట్ ఒప్పుకోదు. చదవడం వరకే అయితే సెల్ఫ్.స్టేట్ ముందు & పెట్టండి, సాకెట్ రిఫరెన్స్‌గా వస్తుంది. క్లోన్ జోలికి పోకండి: టీసీపీస్ట్రీమ్‌కి క్లోన్ లేదు, ట్రై_క్లోన్ ఇచ్చేది అదే సాకెట్‌కి రెండో హ్యాండిల్.

స్టేట్ మార్చాలంటే మాత్రం పాతది తీసిన చోట వెంటనే ఇంకోటి పెట్టాలి. స్టడ్::మెమ్::రీప్లేస్‌కి మొదట &మ్యూట్ సెల్ఫ్.స్టేట్, తర్వాత స్టేట్::ఐడిల్ ఇవ్వండి. పాత స్టేట్ పూర్తిగా మీ చేతికొస్తుంది. దానిమీద మ్యాచ్ రాసి, ప్రతి ఆర్మ్ (మ్యాచ్‌లోని ఒక్కో శాఖ) నుంచీ కొత్త స్టేట్ తిరిగొచ్చేలా చూసి, ఆ ఫలితాన్ని సెల్ఫ్.స్టేట్‌లో వేయండి.

ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. మ్యాచ్ మధ్యలో ? (ఎర్రర్ వస్తే అక్కడే వెనక్కి పంపే గుర్తు) వల్ల ఫంక్షన్ బయటికొచ్చేస్తే పాత స్టేట్ డ్రాప్ అవుతుంది, సాకెట్ మూసుకుపోతుంది, ఫీల్డ్‌లో ఐడిల్ ఉండిపోతుంది. బయటి కోడ్‌కి అసలు కనెక్ట్ కానట్టే కనిపిస్తుంది. ఇలాంటి బగ్ వెతకడం నరకం. ఫెయిల్ అయ్యే పనులన్నీ రీప్లేస్‌కి ముందే రిఫరెన్స్‌తో ముగించండి. కుదరకపోతే ఐడిల్ బదులు 'ట్రాన్సిషన్' అని నాలుగో వేరియంట్ పెట్టండి. అది తర్వాత ఎక్కడైనా కనబడితే పని మధ్యలో తెగిందని తెలిసిపోతుంది.

బఫర్ సంగతీ ఇక్కడే చూడాలి. ఎనమ్ సైజు దానిలోని పెద్ద వేరియంట్‌ని బట్టే, కాబట్టి ఐడిల్‌లో ఉన్నా 65,536 బైట్లకు పైనే పడుతుంది. రీప్లేస్‌లో కదిలేదీ అంతే. అర్రేని బాక్స్‌లో (డేటాని హీప్‌లో ఉంచే పాయింటర్) పెడితే 64 బిట్ మెషిన్‌లో 8 బైట్ల పాయింటర్‌తో పోతుంది. క్లిప్పీ (రస్ట్ కోడ్‌లో లోపాలు చూపే టూల్) నడిపితే 'లార్జ్_ఎనమ్_వేరియంట్' అని ఈ మాటే చెబుతుంది.

మ్యాచ్ చివర మిగతా అన్నింటికీ కలిపి అండర్‌స్కోర్ ఆర్మ్ వేసి ఉంటే తీసేయండి. అదుంటే ట్రాన్సిషన్ చేర్చాక కంపైలర్ నోరెత్తదు. లేకపోతే మార్చాల్సిన ప్రతి మ్యాచ్ దగ్గరా ఈ0004 (అన్ని వేరియంట్లూ కవర్ కాలేదనే ఎర్రర్) వస్తుంది, మీకు కావాల్సింది అదే. ఇఫ్ గార్డ్ ఉన్న ఆర్మ్‌ని కంపైలర్ ఈ లెక్కలోకి తీసుకోదు, గార్డ్ లేని ఆర్మ్ కూడా ఉండాలి. ఐడిల్ ముందు స్టేట్:: మర్చిపోయారా, అది వేరియంట్ కాదు, దేనికైనా సరిపోయే కొత్త వేరియబుల్. ఇప్పటి కంపైలర్ ఈ0170 అని ఆపేస్తుంది, పాత వెర్షన్లలో వచ్చేది వార్నింగే.