అది వానపాము కాదు, గుడ్డిపాము

ప్రశ్న: అడవిలో పుచ్చిన దుంగ పక్కకి జరిపితే కింద వానపాములాంటిది కనబడింది. జానెడు కూడా లేదు, నల్లగా మెరుస్తోంది, ఏది తలో ఏది తోకో తెలియలేదు. చేత్తో పట్టుకుంటే గుచ్చింది. విషమా? అసలు ఏం తిని బతుకుతుంది?

జవాబు: టెన్షన్ పడకండి, విషం లేదు. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది గుడ్డిపామే. వానపాముకి ఒంటినిండా ఉంగరాల్లాంటి గీతలుంటాయి, ఒళ్ళు జిగటగా ఉంటుంది. దీనికి ఆ గీతలుండవు, ఒళ్ళంతా నున్నటి పొలుసులే, కాస్త ఓపిగ్గా చూస్తే సన్నటి నాలుక ఆడించడం కూడా కనబడుతుంది. కళ్ళంటారా, పొలుసు కింద రెండు చుక్కలు, వెలుగూ చీకటీ తేడా తెలిస్తే గొప్ప. మిమ్మల్ని గుచ్చింది తోక చివరుండే చిన్న ముల్లు, దానివల్ల ఏమీ కాదు.

తల, తోక ఒకేలా ఉండి తికమకపడింది మీరొక్కరే కాదు లెండి. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండు వైద్యుడు 1796లో అచ్చువేయించిన పాముల పుస్తకంలో, విశాఖపట్నంలో దొరికిన ఈ పాముని మన వాళ్ళు పిలిచే ‘రెండు తలల పాము’ అన్న పేరుతోనే ఎక్కించాడు.

ఇక తిండి. చీమలు, చెదపురుగుల గుడ్లు, పిల్లపురుగులు దీనికి ముఖ్యం. వాసన పట్టుకుని పుట్టలోకి దూరిపోతుంది. కింది దవడకి పళ్ళే లేవు, పైదవడ పళ్ళతోనే గబగబా లోపలికి లాగేసుకుంటుంది. పెద్ద చెదపురుగు దొరికితే మాత్రం ఒక్కోసారి తమాషా చేస్తుంది: వెనకవైపు నుంచి మింగుతూ వచ్చి, తల బయట మిగిలాక దాన్ని నేలకేసి రాసి రాసి తుంచేసి ఒళ్ళు మాత్రమే మింగుతుంది. జపాన్ పరిశోధకులు 2015లో ఇది బయటపెట్టారు. చెదపురుగు తల సరిగా అరగదు, అందుకని కావచ్చు. పాములు ఆహారాన్ని ముక్క చేయకుండా మింగుతాయని చదువుకున్న మనకి ఇది కొత్తే.

నన్నడిగితే అన్నిటికన్నా వింత దీని సంతానం. ఈ జాతిలో మగవి లేవు, తెలిసినవన్నీ ఆడవే, జత కట్టకుండానే కొద్దిపాటి గుడ్లు పెడితే వాటిలోంచి వచ్చేవీ ఆడపిల్లలే. అంటే ఎక్కడికైనా ఒక్కటి చేరితే చాలు, సంతతి మొదలైపోతుంది. మొక్కల కుండీల మట్టిలో దాక్కుని ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా దాకా వెళ్ళి స్థిరపడిపోయింది కూడా.