ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా మార్చాలా?

వీలైతే ప్రతిసారీ మార్చండి. డ్రెయిన్ బోల్టు అంటే బైకు ఇంజిన్ అడుగున పాత ఆయిల్‌ను దించే బోల్టు. దాని వాషర్ అల్యూమినియంతోనో రాగితోనో చేసిన మెత్తని రింగు. బోల్టు బిగించినప్పుడు అది కాస్త నలిగి, సన్నని గీతల్లోకి కూడా సర్దుకుని ఆయిల్‌ను ఆపుతుంది. ఒకసారి నలిగినది రెండోసారి అంత బాగా సర్దుకోదు.

పాతది వాడితే వెంటనే కొంపలేం మునగవు. చాలామంది రెండు మూడుసార్లు వాడతారు, కారదు కూడా. అసలు ప్రమాదం వేరే ఉంది. బోల్టు దగ్గర చిన్న చెమ్మ కనబడగానే టెన్షన్ పడి ఇంకాస్త బిగిస్తాం. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. మర పోయేది కేసుదే. నా బండికి అదే జరిగింది. కొన్ని రూపాయల వాషర్ దగ్గర పీనాసితనం చేసి, లేత్ షాపులో కొత్త మర వేయించుకోవాల్సి వచ్చింది. చిన్న బైకులకు సాధారణంగా 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకె చూసుకోండి.

కొత్తది దొరక్కపోతే రాగి వాషర్‌ను స్టవ్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చండి, మళ్లీ మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లటి పొర రుద్దేయండి. అల్యూమినియంతో మాత్రం ఈ పని వద్దు, అది ఎర్రబడకుండానే కరిగిపోతుంది.

ఇంకొకటి: పాత వాషర్ ఒక్కోసారి కేసుకే అతుక్కుని ఉండిపోతుంది. వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది వేస్తే కారే అవకాశం ఉంది.