సమాధానం: గెరాసేనుల మనిషి కథ పందుల కాడనే ఆగిపోతుంటే

వందనాలు బ్రదర్. దేవరకొండ గృహకూడికలో మార్కు సువార్త 5వ అధ్యాయం (గెరాసేనుల ప్రాంతంలో ఒకడికి పట్టిన దయ్యాలను యేసు వెళ్లగొట్టిన కథ) చెబితే అందరూ పందుల గురించే అడిగారన్నారు కదా. మీరు దయ్యాలు పందుల్లోకి పోయి మంద సముద్రంలో పడే 13వ వచనం దగ్గర ఎక్కువసేపు ఆగినట్టున్నారు. దానికి ఒక్క మాట చాలు: ఇది జరిగిన దెకపొలి యూదేతరుల ప్రాంతం (యూదులు పందులు తినరు), అందుకే 2000 దాకా పందుల మంద. దయ్యాలు పట్టినవాళ్లు ఇద్దరని మత్తయి అంటాడు, మార్కు, లూకా ఒక్కడి గురించే చెబుతారు. అడిగితేనే ఎత్తండి.

20 నిమిషాలుంటే సగం 15వ వచనానికే ఇవ్వండి. సంకెళ్లు తెంపి, రాళ్లతో ఒళ్లు కోసుకున్నవాడు బట్టలేసుకుని, స్థిమితంగా కూర్చున్నాడు. ఊరోళ్లు భయపడ్డది అప్పుడు! యేసునే పొమ్మన్నారు. బాగైనవాడు వెంట వస్తానంటే యేసు అతణ్ణి తన ఇంటికి పొమ్మని పంపాడు.

ఇంకొకటి, మతిస్థిమితం లేనివాళ్లను చూపి దయ్యమనొద్దు, మందులు మానమనొద్దు. మార్కు 1:32 రోగులను, దయ్యాలు పట్టినవాళ్లను వేరుగానే చెబుతుంది.